గుంటూరు నుంచి జెనీవాకు: కోర్టు మీద మాట్లాడినందుకు కేసు పెడితే ఐరాసకు ఎలా రాయాలి

గుంటూరు బ్రాడీపేటలో యూట్యూబ్ చానల్ నడుపుకొనే ఒకాయన ఒక బెయిల్ ఉత్తర్వు మీద పది నిమిషాల వీడియో పెట్టాడనుకుందాం. ఉత్తర్వులో కారణాలే లేవన్నాడు. పెద్దవాళ్ల కేసులకు ఒక వేగం, మామూలు జనం కేసులకు ఇంకో వేగం అన్నాడు. నాలుగో రోజు పోలీసు నోటీసు వచ్చింది. అతని తరఫున నిలబడిన ప్లీడరును కోర్టు మెట్ల మీదే ఎవరో బెదిరించారు. ఇలాంటప్పుడు "ఐక్యరాజ్యసమితికి రాసేద్దాం" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. నిజంగానే రాయొచ్చు. ఫీజు లేదు, నోటరీ ముద్ర అక్కర్లేదు, లాయరే రాయాలన్న నియమం లేదు. కాకపోతే ఎవరికి రాయాలో, ఏం అడగాలో తెలియకుండా రాస్తే ఆ ఉత్తరం వెళ్లిన చోటే ఆగిపోతుంది.

జెనీవా కంటే ముందు నేలపాడు

ఐరాసకు రాసినంత మాత్రాన ఇక్కడి గడువులేవీ ఆగవు. అందుకే ముందు ఇంటి పని, మన హైకోర్టు ఉన్న నేలపాడు దాకా.

వచ్చిన కాగితం ఏమిటో చూడండి. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాలకు సాధారణంగా అరెస్టుకు బదులు హాజరు నోటీసు ఇస్తారు. స్టేషన్లలో ఇప్పటికీ "41ఏ నోటీసు" అనే అంటున్నారు గానీ 2024 జులై 1 నుంచి అది, పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 35(3). ఇంకో గందరగోళం కూడా ఉంది. పాత సీఆర్పీసీలో 482 అంటే క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని హైకోర్టును అడగడం. కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ పిటిషన్ 528కి వెళ్లింది. ఇంగ్లిష్ ఉత్తరంలో ఈ నంబరు తారుమారైతే జరగని సంగతి జరిగినట్టు చెప్పినట్టవుతుంది.

కోర్టును తూలనాడాడన్న ఆరోపణ మీద పోలీసులు "కోర్టు ధిక్కారం" కింద ఎఫ్ఐఆర్ కట్టలేరు. అది 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం కింద హైకోర్టు లేదా సుప్రీంకోర్టు తేల్చే విషయం. విజయవాడలో మేజిస్ట్రేటు కోర్టు మీద వ్యాసం రాస్తే, ఆ కోర్టు హైకోర్టుకు నివేదించాలి, లేదా అడ్వకేట్ జనరల్ కదలాలి. తానుగా శిక్ష వేసే అధికారం దానికి లేదు. పరువు నష్టం, అంటే కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో 356, కాగ్నిజబుల్ నేరం కాదు. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్ తెరిస్తే తరచూ కనిపించేవి వేరే సెక్షన్లు: వర్గాల మధ్య శత్రుత్వం రేపడం (196), అల్లర్లకు దారితీసే ప్రచారం (353). ఏ మాటకు ఏ సెక్షన్ తగిలించారో ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ఉత్తరానికి వెన్నెముక ఆ కాగితమే.

ఎఫ్ఐఆర్ ఇవ్వలేదని ఆగిపోకండి. సున్నితమైన కేసులు మినహా 24 గంటల్లోగా వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. విమర్శించిన ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి కూడా అదే రోజు కాపీ అప్లికేషన్ పెట్టండి. కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు సంఖ్య) తెలిస్తే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో వాయిదాల చరిత్ర మొత్తం దొరుకుతుంది. "కారణాలు రాయలేదు" అని విమర్శించినవాడి దగ్గర ఆ ఉత్తర్వే లేకపోతే ఇక్కడా నిలబడడు, అక్కడా నిలబడడు.

ఏ తలుపు తట్టాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ 1979 ఏప్రిల్ 10న చేరింది. కానీ వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. కాబట్టి ఆ ఒడంబడిక అమలును చూసే, జెనీవాలోని మానవ హక్కుల కమిటీకి గుంటూరు మనిషి కేసు వేయలేడు. శ్రీలంక, నేపాల్ చేరాయి కాబట్టి అక్కడివాళ్లు వేయగలరు. ఆ కమిటీ చిరునామాకు మన కేసు పంపితే "మీ దేశం ప్రోటోకాల్‌లో లేదు" అన్న జవాబు తప్ప ఇంకేం రాదు.

మనకు తెరిచి ఉన్న తలుపు స్పెషల్ రాపోర్టర్లది. వీళ్లు జీతం తీసుకోని స్వతంత్ర నిపుణులు, మానవ హక్కుల మండలి నియమిస్తుంది. ఒడంబడికలు సంతకం చేశారా లేదా అన్నదానితో పని లేకుండా ఏ ప్రభుత్వానికైనా లేఖ రాయగలరు. ఇక్కడి కోర్టుల్లో దారులన్నీ అయిపోయాకే రావాలన్న షరతు కూడా లేదు. మన విషయానికి ఇద్దరు ముఖ్యం. భావప్రకటన స్వేచ్ఛ రాపోర్టర్ పదవి 1993లో, న్యాయమూర్తులు, న్యాయవాదుల స్వతంత్రత రాపోర్టర్ పదవి 1994లో పుట్టాయి. మనిషిని నిర్బంధించి ఉంటే నిర్బంధాల వర్కింగ్ గ్రూపును కూడా కలపాలి. ఒకే ఫారంలో అందరినీ ఎంచుకోవచ్చు, వాళ్లు ఉమ్మడిగా లేఖ రాస్తారు. ఒక్కొక్కరు ఆరేళ్లకు మించి ఉండరు గనుక వ్యక్తి పేరుతో కాకుండా పదవి పేరుతో సంబోధించండి.

వీడియో చేసినాయన సంగతి మొదటి రాపోర్టర్ పరిధి. బెదిరింపు తిన్న ప్లీడరు సంగతి రెండోవారిది. ఇద్దరి కథ ఒకటే అయినా ఎవరికి ఏం జరిగిందో విడివిడిగా రాయాలి. మాట్లాడినందుకు బదిలీ అయిన న్యాయమూర్తి సంగతి కూడా రెండోవారి కిందికే వస్తుంది. న్యాయమూర్తి కూడా పౌరుడే, అతనికీ భావప్రకటన స్వేచ్ఛ ఉంది, పదవి గౌరవం నిలబెట్టేలా దాన్ని వాడాలని 2002 నాటి బెంగళూరు సూత్రాల్లో 4.6 చెబుతుంది.

ఒక పక్క మాట. ఈ రెండో రాపోర్టర్ పదవిలో మొదటివాడైన మలేసియా లాయరు పరం కుమారస్వామి 1995లో తన దేశపు కోర్టుల గురించి ఒక పత్రికతో మాట్లాడాడు. కంపెనీలు ఆయన మీదే పరువు నష్టం దావాలు వేశాయి. ఆ గొడవ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. పదవి హోదాలో అన్న మాటలకు రక్షణ ఉందని 1999 ఏప్రిల్ 29న ఆ కోర్టు చెప్పింది. కోర్టుల గురించి మాట్లాడితే ఏమవుతుందో ఆ కుర్చీకి పుట్టినప్పటి నుంచే తెలుసు.

"తీర్పు మార్చండి" అని అడగొద్దు

రాపోర్టర్ అప్పీలు కోర్టు కాదు. తీర్పు కొట్టేయలేరు, బెయిల్ ఇవ్వలేరు, ఎస్ఐని సస్పెండ్ చేయలేరు. వాళ్లు చేసేది ఒక్కటే, ప్రభుత్వాన్ని ప్రశ్నలడగడం. కాబట్టి ఆ ప్రశ్నలు వాళ్ల చేతికి అందేలా రాయడమే మన పని.

ప్రశ్న ఎలా పుడుతుందంటే, ఒడంబడిక 19వ అధికరణం ప్రకారం మాట మీద ఆంక్ష పెట్టాలంటే మూడు గడపలు దాటాలి. అది చట్టంలో స్పష్టంగా ఉండాలి. ఇతరుల హక్కులు, పరువు, దేశ భద్రత, ప్రజా శాంతి, ప్రజారోగ్యం, నైతికత, వీటిలో ఒకదాని కోసం అయి ఉండాలి. ఆ పనికి అంత ఆంక్ష అవసరమై, తగిన పాళ్లలో ఉండాలి. మొదటి రెండు గడపల దగ్గర ప్రభుత్వం సులువుగానే గెలుస్తుంది. భారత రాజ్యాంగం 19(2)లో కోర్టు ధిక్కారం పేరు పెట్టి మరీ ఉంది. పైగా ఒడంబడికలో చేరేటప్పుడే, దాని 19(3)ని మన రాజ్యాంగం 19కి అనుగుణంగా అన్వయిస్తామని భారత్ ప్రకటన చేసింది. అందుకని "ధిక్కార చట్టమే చెల్లదు" అని పేజీలు నింపడం దండగ. బలమంతా మూడో గడప మీద పెట్టండి.

దానికి పనిముట్లున్నాయి. మానవ హక్కుల కమిటీ 2011లో ఇచ్చిన 34వ జనరల్ కామెంట్ (ఒడంబడికకు కమిటీ ఇచ్చే వివరణ) 31వ పేరా ధిక్కారం గురించే. చర్య, శిక్ష రెండూ కోర్టు పని సక్రమంగా సాగడానికి అవసరమైనవని చూపించాలంటుంది. అంటే లెక్క జడ్జిగారి మనసు నొచ్చుకుందా లేదా అన్నది కాదు, విచారణకు అడ్డం వచ్చిందా అన్నది. 47వ పేరా పరువు నష్టానికి జైలు ఎప్పుడూ తగిన శిక్ష కాదంటుంది. మన ధిక్కార చట్టంలోనూ ఇదే గీత ఉంది: 13(ఏ) ప్రకారం న్యాయ ప్రక్రియకు గణనీయంగా అడ్డుపడితే తప్ప ధిక్కారానికి శిక్ష వేయకూడదు. 2006 సవరణతో వచ్చిన 13(బి) ప్రకారం, ప్రజాప్రయోజనం కోసం సదుద్దేశంతో చెప్పిన నిజాన్ని కోర్టు సమర్థనగా అనుమతించవచ్చు. ఐదో సెక్షన్ న్యాయమైన విమర్శను కాపాడుతుంది కానీ, చివరికి తేలిపోయిన కేసు గురించే. మన బ్రాడీపేట వీడియో బెయిల్ ఉత్తర్వు మీద, అసలు కేసు ఇంకా నడుస్తోంది. ఐదో సెక్షన్ గొడుగు కిందికి అది పూర్తిగా రాదు. 13(ఏ)నే పట్టుకోవాలి. ఈ తేడా తెలియకుండా ఐదో సెక్షన్ రాస్తే ప్రభుత్వ జవాబు తయారుచేసేవాళ్ల పని మీరే చేసిపెట్టినట్టు.

పోలికకు ఉదాహరణలు ఒకటి రెండు చాలు. శ్రీలంక మాజీ మంత్రి ఎస్.బి. దిసానాయకె ఒక సభలో, కోర్టు సిగ్గుమాలిన తీర్పు ఇస్తే ఒప్పుకోనన్నాడు. 2004లో రెండేళ్ల కఠిన జైలు పడింది. 2008లో మానవ హక్కుల కమిటీ అది 19వ అధికరణం ఉల్లంఘన అని, నిర్బంధం కూడా అన్యాయమని చెప్పింది. మన దగ్గరి ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. 1987 నవంబరులో కేంద్ర మంత్రి పి. శివశంకర్ హైదరాబాద్‌లో మాట్లాడుతూ విదేశీ మారక ద్రవ్య నేరగాళ్లకు, కోడళ్లను తగలబెట్టేవాళ్లకు సుప్రీంకోర్టు ఆశ్రయమైందన్నాడు. ఆయన స్వయంగా ఒకప్పుడు హైకోర్టు జడ్జి. 1988లో సుప్రీంకోర్టు అది ధిక్కారం కాదని తేల్చింది. ఒక మంత్రి అంత మాటంటే తట్టుకున్న వ్యవస్థ, ఒక చానల్ వీడియోకు పోలీసులను పంపాల్సిన అవసరం ఏమిటి? ఇదీ అవసరం, పాళ్లు అనే గడప దగ్గర వేయాల్సిన ప్రశ్న. ఎదుటి పక్షం ఏ ఉదాహరణ తెస్తుందో కూడా తెలిసి ఉండాలి. 2020లో రెండు ట్వీట్లకు ప్రశాంత్ భూషణ్‌ను దోషిగా తేల్చి రూపాయి జరిమానా వేసిందీ అదే సుప్రీంకోర్టు. ఇంగ్లండ్, వేల్స్ ఈ "కోర్టును అపకీర్తి పాలుచేయడం" అనే నేరాన్ని 2013లో తీసేశాయి. మన లా కమిషన్ మాత్రం 2018లో ఉండాల్సిందేనంది.

రాసే తీరు

ఫారం ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లోనే నింపాలి. ముందు తెలుగులో రాసుకుని, వేడి చల్లారాక ఇంగ్లిష్ చేయండి. వేడిలో ఉన్నప్పుడు వచ్చే వాక్యం ఇలా ఉంటుంది:

"అమ్ముడుపోయిన న్యాయవ్యవస్థ, పోలీసుల అండతో, నిజాయితీపరుడైన జర్నలిస్టును వేటాడుతోంది."

ఇందులో తేదీ లేదు, చోటు లేదు, చేసినవాడు లేడు. పైగా "అమ్ముడుపోయిన" అన్న ఒక్క మాట రెండు విధాల దెబ్బ. దూషణతో కూడిన ఫిర్యాదును రాపోర్టర్లు తీసుకోరు. రుజువు లేకుండా ఆ మాట రాసినందుకు మీ మీదే ఇంకో ధిక్కార కేసుకు దారి తెరుచుకుంటుంది. అదే సంగతి ఇలా రాయండి:

"ఫలానా తేదీన ఫలానా కోర్టు ఇచ్చిన బెయిల్ ఉత్తర్వు (కాపీ 2) మీద ఆయన వీడియో ప్రసారం చేశారు. ఉత్తర్వులో కారణాలు లేవన్నది వీడియో 3వ నిమిషంలో ఉన్న ప్రధాన విమర్శ (తర్జుమా, కాపీ 3). వ్యక్తిగత దూషణ లేదు, హింసకు పిలుపు లేదు. నాలుగు రోజుల తర్వాత ఫలానా స్టేషన్లో 353 సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ నమోదైంది (కాపీ 4). ఏ విచారణకు ఆటంకం కలిగిందో ఎఫ్ఐఆర్‌లో ఎక్కడా లేదు."

చివరి వాక్యం చూడండి. ప్రభుత్వాన్ని రాపోర్టర్ అడగాల్సిన ప్రశ్న అందులోనే ఉంది.

వీడియోలో నిజంగానే ఒక పరుషమైన మాట ఉంటే దాచొద్దు. రాసి, ఎందుకు అది నేరం స్థాయికి రాదో చెప్పండి. ప్రభుత్వ జవాబులో ఆ ముక్క మొదటి పేరాలోనే వస్తుంది. అప్పుడు మిగతా ఉత్తరం మీద నమ్మకం పోతుంది.

మొత్తం రెండు మూడు పేజీలు మించకుండా చూసుకోండి. తేదీలవారీ వరస, ఎవరు చేశారు, ఇక్కడ ఏ కోర్టులో ఏం వేశారు, ప్రభుత్వాన్ని ఏం అడగాలి, ఇంతే. పేపర్ కటింగులు మాత్రమే జత చేస్తే పనికిరాదు. వార్తల మీదే పూర్తిగా ఆధారపడిన ఫిర్యాదును తీసుకోకూడదన్నది వాళ్ల నియమం. రాజకీయ కక్షతో రాసిందని అనిపించినా పక్కన పెడతారు. కాబట్టి పార్టీ లెటర్‌హెడ్ మీద పంపకండి.

పేర్ల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన తంటా ఉంది. ఎఫ్ఐఆర్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, చానల్లో ఇంకో పేరు. ఫారంలో ఇంటిపేరు వేరే గడిలో అడుగుతారు. ఎఫ్ఐఆర్‌లో ఉన్న స్పెల్లింగే ప్రధానంగా పెట్టి, మిగతావి "ఇలా కూడా పిలుస్తారు" అని పక్కన రాయండి. ఢిల్లీ నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసులకు ప్రశ్న వెళ్లినప్పుడు పేరు కలవకపోతే "అలాంటి వ్యక్తి మీద కేసు లేదు" అన్న జవాబు చాలా తేలిక. తేదీలు కూడా అంకెల్లో కాకుండా నెల పేరుతో రాయండి. 05/06 అంటే మనకు జూన్, అమెరికావాళ్లకు మే.

తెలుగు కాగితాలన్నీ తర్జుమా చేయనక్కర్లేదు. ఎఫ్ఐఆర్‌లో ఆరోపణ ఉన్న పేరా, వీడియోలో వివాదమైన భాగం, ఈ రెండూ మాటకు మాట ఇంగ్లిష్ చేయండి. "సిగ్గులేని తీర్పు" అన్నదాన్ని మెత్తగా "అసంతృప్తికరమైన తీర్పు" అని తర్జుమా చేసే లాయర్లుంటారు, వద్దనండి. గూగుల్ తర్జుమా మరీ ప్రమాదం, సామెతల్ని బెదిరింపులుగా మారుస్తుంది. స్కాన్లు ఫోన్ ఫోటోలుగా కాకుండా అరండల్‌పేటలోనో గవర్నర్‌పేటలోనో జిరాక్స్ షాపులో పీడీఎఫ్ చేయించండి. స్టేషన్ ముద్ర, సంతకం, తేదీ చదవగలిగేలా ఉండాలి. చానల్ తీసేస్తారన్న భయముంటే వీడియో అసలు ఫైలు, అప్‌లోడ్ తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ ముందే దాచుకోండి.

అనుమతి

బాధితుడి అనుమతి లేకుండా పంపకండి. ఫారంలో రెండు వేర్వేరు సంగతులుంటాయి: పేరు ప్రభుత్వానికి చెప్పవచ్చా, తర్వాత బహిరంగ పత్రంలో వేయవచ్చా. మొదటిదానికి ఒప్పుకోకపోతే ప్రభుత్వానికి ఆ కేసును వెతకడం కుదరదు, ఉత్తరం దాదాపు నిరర్థకం. రెండోదానికి వద్దనవచ్చు. ఫిర్యాదు పంపినవారి పేరు మాత్రం వాళ్లు ప్రభుత్వానికి చెప్పరు. మన కథలో ప్లీడరు బెదిరింపు గురించి కూడా రాస్తున్నారు కాబట్టి ఆయన అనుమతి వేరుగా కావాలి. క్లయింటు ఒప్పుకున్నాడు కదా అని ఆయన పేరు పెట్టేస్తే రేపు బార్ అసోసియేషన్‌లో ఇబ్బంది పడేది ఆయన. జైల్లో ఉన్న మనిషి అయితే కుటుంబ సభ్యుల అనుమతి తీసుకుని, ఎందుకు నేరుగా అడగలేకపోయారో ఒక వాక్యం రాయండి.

పంపాక

తక్షణ ప్రమాదం ఉంటే, అంటే అరెస్టు రేపో ఎల్లుండో, దాడి భయం ఉంటే, అత్యవసరం అని మొదటి వాక్యంలోనే చెప్పండి. వేసవిలో జెనీవా మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. శుక్రవారం సాయంత్రం పంపేకంటే ఉదయాన్నే పంపితే వారాంతానికి ముందు ఎవరైనా చూసే వీలుంటుంది.

అందిందన్న జవాబు తప్ప వెంటనే ఇంకేం రాకపోవచ్చు. రాపోర్టర్ ప్రభుత్వానికి రాస్తే ఆ లేఖ 60 రోజులు గోప్యం. తర్వాత లేఖ, జవాబు వస్తే అదీ, ఐరాస మానవ హక్కుల కార్యాలయపు సైట్లో అందరికీ కనిపిస్తాయి. ఈలోగా "ఐరాస మా కేసు తీసుకుంది" అని ఫేస్‌బుక్‌లో వేయడం తొందరపాటు. లేఖ వెళ్లిందో లేదో మీకే తెలియదు. పైగా హైకోర్టులో క్వాష్ పిటిషన్ నడుస్తున్నప్పుడు ఆ పోస్టు కోర్టు మీద ఒత్తిడి తెచ్చినట్టు కనిపిస్తుంది. న్యాయస్థానం స్వతంత్రంగా ఉండడం జడ్జిగారి హక్కు కాదు, కక్షిదారు హక్కు. 2007 నాటి 32వ జనరల్ కామెంట్ దాన్ని మినహాయింపుల్లేని హక్కు అంటుంది. మీ కేసులోనే దాన్ని మీరు పాడుచేసుకోవద్దు.

లేఖ బయటికి వచ్చాక దాన్ని హైకోర్టులో అనుబంధ పత్రంగా వేయొచ్చు. కోర్టును అది కట్టిపడేయదు. అయినా 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం నిర్వచనంలోనే అంతర్జాతీయ ఒడంబడికల మాట ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన విశాఖ కేసులో (1997) సుప్రీంకోర్టు అంతర్జాతీయ ఒప్పందం ఆధారంగానే మార్గదర్శకాలు ఇచ్చింది. దేశం మొత్తం మీద సమీక్ష జరిగినప్పుడు ఇలాంటి లేఖలే ముడిసరుకు. మానవ హక్కుల కమిటీ 2024 జులైలో భారత్‌ను సమీక్షించింది, అంతకుముందు సమీక్ష 1997లో. అంత దూరపు వాయిదా కోసం కాగితాలు భద్రంగా ఉంచాలి.

ఉత్తరం రాసినందుకే మళ్లీ బెదిరింపులొస్తే అది వేరే ఫిర్యాదు. తేదీ, సమయం, కాల్ వచ్చిన నంబరుతో వెంటనే పంపండి. మంచి కబురు కూడా అదే రోజు పంపాలి. బెయిల్ వచ్చినా, ఎఫ్ఐఆర్ కొట్టేసినా, ప్లీడరుకు రక్షణ ఇచ్చినా, పాత ఫిర్యాదు నంబరు వేసి రెండు వాక్యాలు రాయండి. ఆ సంగతి ముందు ప్రభుత్వ జవాబులో కనిపిస్తే, మీరు దాచారనే అనుకుంటారు.